గెలిచిన పార్టీ ఒకటి, కూర్చున్న పార్టీ ఒకటి: 2019–24 సభలో మన 22 సీట్ల లెక్క

తమ్ముడూ, నీ ప్రశ్న ముందు ఇక్కడ పెడతా, తర్వాత చదివేవాళ్లకి దేని గురించో తెలియాలి గదా. కనిగిరిలో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నావు. 2019–24 శాసనసభలో ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఏ పార్టీకి ఎంతమంది ఎమ్మెల్యేలని వెతికితే ఒకచోట 18–4, ఒకచోట 19–3, ఇంకోచోట 15–3 అని కనిపించింది (ముందు వైసీపీ, వెనక టీడీపీ). మీ కోచింగ్ సార్ నోట్సులో ప్రకాశానికి 7–1 అని ఉంది. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అని అడిగావు.

ఒక్కటీ కొట్టేయొద్దు. నాలుగూ నిజమే. ఏ తేదీ నాటి లెక్కో, ఏ జిల్లా హద్దు ప్రకారమో రాసుకోకపోతే వచ్చే తంటా ఇది. తేదీ ఇవ్వకుండా అడిగితే 18–4 రాసేయ్, అది ఎన్నికల ఫలితం కాబట్టి ఎవరూ కాదనలేరు. మిగతావి ఎట్టా పుట్టుకొచ్చాయో చెబుతా. పొడుగవుతుంది, ఓపిక చేసుకో.

నేను కందుకూరులో 20 ఏళ్లకు పైగా విలేకరిగా చేసి మానుకున్నవాణ్ణి. అప్పటి లాంగ్ నోటుబుక్కు ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. నియోజకవర్గానికి ఒక పేజీ. గెలిచిన మనిషి పేరు, పార్టీ పెన్నుతో రాస్తా. ఆ తర్వాత ఆయన ఏ కండువా కప్పుకున్నా పక్కన పెన్సిలుతో రాస్తా. స్పీకరు దగ్గర్నుంచో ఎన్నికల సంఘం దగ్గర్నుంచో కాగితం వస్తేనే మళ్లీ పెన్ను పడుతుంది. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు, పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా. ఆ సంగతి చీరాల దగ్గర వస్తుంది.

ముందు జిల్లాల గొడవ తేల్చుకుందాం, నీ 7–1 అక్కడే ఉంది. 2019 ఏప్రిల్ 11న మనం ఓట్లేసినప్పుడు నెల్లూరు జిల్లాలో 10 సీట్లు, ప్రకాశంలో 12. మొత్తం 22. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. పర్చూరు, అద్దంకి, చీరాల బాపట్లకి పోయాయి. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరిలో కొంత భాగం తిరుపతి వైపు పోయాయి. మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. తిరిగొచ్చింది అనాలి నిజానికి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా కట్టినప్పుడు నెల్లూరు నుంచి తీసిచ్చిన ప్రాంతంలో కందుకూరూ ఉంది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మా ఇంట్లో మా నాయన పుట్టింది నెల్లూరు జిల్లాలో, మా అబ్బాయి పుట్టింది ప్రకాశం జిల్లాలో, మనవడు పుట్టింది మళ్లీ నెల్లూరు జిల్లాలో. ఇల్లు అదే, వేపచెట్టు అదే.

ఇప్పుడు ఆ 2022 నాటి కొత్త హద్దుతో ప్రకాశం చూడు. యర్రగొండపాలెం, దర్శి, సంతనూతలపాడు, ఒంగోలు, కొండపి, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి. ఎనిమిది. వీటిలో 2019లో తెలుగుదేశం గెలిచింది కొండపి ఒక్కటే. అదే మీ సార్ రాసిన 7–1. కొత్త హద్దుతో నెల్లూరు అయితే 8–0. ఒక్క ఎమ్మెల్యే కూడా కదలకుండానే గీతలు మారి లెక్క మారింది. సార్ తప్పు రాయలేదు గానీ 2019 ఫలితం కింద 2022 హద్దు వాడారు, ఆ ముక్క నోట్సులో చెప్పలేదు.

ఇక మొదటి రోజు. 2019 మే 23న ఓట్లు లెక్కపెట్టారు. రాష్ట్రంలో 175 సీట్లకి వైసీపీ 151, టీడీపీ 23, జనసేన 1. ఈ సభ 15వది, జూన్ 12న కొలువుదీరింది. మరుసటి రోజు తమ్మినేని సీతారాం స్పీకరయ్యారు. నెల్లూరు జిల్లాలో పదికి పది వైసీపీ. పదికి పది అనగానే అన్నిచోట్లా ఊపేశారు అనుకుంటారు, అది కాదు. నెల్లూరు సిటీలో పి. నారాయణ మీద అనిల్ కుమార్ యాదవ్ బయటపడింది 2 వేలలోపు ఓట్లతోనే. సీట్ల లెక్కకి ఈ సన్నని తేడాలు కనపడవు.

ప్రకాశంలో 12కి వైసీపీ 8, టీడీపీ 4. ఆ నాలుగూ పర్చూరులో ఏలూరి సాంబశివరావు, అద్దంకిలో గొట్టిపాటి రవికుమార్, చీరాలలో కరణం బలరాం, కొండపిలో డోలా బాలవీరాంజనేయస్వామి. మొదటి మూడూ పక్కపక్క నియోజకవర్గాలు. రాష్ట్రమంతా గాలి ఒకవైపు వీస్తుంటే ఆ మూలన మాత్రం వేరేగా వీచింది. 10కి 8 కలిపితే 18, ఆ పక్కన 4. ఇదే నీ మొదటి అంకె. నా పుస్తకంలో ఈ 22 పేజీల మీదా ఆ రాత్రే పెన్నుతో రాశా.

పెన్సిలు మొదట పడింది చీరాల పేజీ మీద. 2020 మార్చిలో కరణం బలరాం గారి అబ్బాయి వెంకటేష్ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి సమక్షంలో వైసీపీలో చేరారు. బలరాం గారు తాను చేరినట్టు కాగితం మీద ఎక్కడా లేకుండా మద్దతు తెలిపారు. అబ్బాయికి కండువా, నాయనకి మద్దతు. అంతకుముందు గన్నవరం ఎమ్మెల్యే వల్లభనేని వంశీ టీడీపీకి దూరం జరిగి, సభలో తనకి విడిగా సీటు ఇప్పించుకున్నారు. గుంటూరు పశ్చిమం నుంచి మద్దాలి గిరి, విశాఖ దక్షిణం నుంచి వాసుపల్లి గణేశ్ కూడా ఇదే దారి పట్టారు. మొత్తం నలుగురు. జనసేనకున్న ఒక్క ఎమ్మెల్యే, రాజోలు నుంచి గెలిచిన రాపాక వరప్రసాదరావు గారు కూడా వైసీపీ వైపే నడిచారు.

నేను అప్పుడు ఉత్సాహం ఆపుకోలేక ఒక చిన్న బాక్సు వార్త పంపా. 'ప్రకాశంలో వైసీపీ 9, టీడీపీ 3' అని. రాత్రి పదింటికి డెస్కు నుంచి ఫోను. అవతల సబ్ ఎడిటరు నాకన్నా చిన్నవాడు, గొంతు మాత్రం పెద్దది.

"అన్నా, ఆ తొమ్మిదో మనిషి గురించి అసెంబ్లీ బులెటిన్ ఏదైనా వచ్చిందా?"

"లేదు, కానీ అందరికీ తెలిసిందే గదా."

"అందరికీ తెలిసింది నాకెందుకన్నా, స్పీకరుకి తెలిసిందా?"

వార్త పడలేదు. అప్పుడు మండిపోయింది గానీ ఆ కుర్రాడు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రికార్డులో బలరాం గారు టీడీపీ. సభలో లెక్కపెడితే అటువైపు. నీ 19–3 అనేది ఈ పెన్సిలు లెక్క. తప్పు కాదు, కానీ అది ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఎందుకు ఉండదు? రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం. దాని ప్రకారం ఎమ్మెల్యే పదవి పోవడానికి రెండు దారులు. తనంతట తాను పార్టీ సభ్యత్వం వదులుకోవడం ఒకటి, సభలో విప్‌కి, అంటే ఇట్టా ఓటేయమన్న పార్టీ ఆదేశానికి, ఎదురు ఓటేయడమో ఓటేయకుండా ఉండటమో రెండోది. ఒకప్పుడు మూడో వంతు మంది చీలితే 'చీలిక' కింద బతికిపోయేవాళ్లు. 2003లో 91వ సవరణతో ఆ కిటికీ మూసేశారు. ఇప్పుడు మిగిలింది విలీనం, దానికి మూడింట రెండు వంతుల మంది కావాలి. 23 మంది ఉన్న పార్టీలో అంటే 16 మంది. నలుగురితో పని జరగదు. అందుకే ఎవరూ 'చేరాను' అనరు, 'మద్దతు' అంటారు, 'నియోజకవర్గ అభివృద్ధి కోసం' అంటారు. (ఒకే ఎమ్మెల్యే ఉన్న పార్టీకి మూడింట రెండు వంతులు అంటే ఆయనే, ఆయన ఒక్కడే మీటింగు పెట్టుకుని తీర్మానం చేసుకోవచ్చని మా వాళ్లు నవ్వుకునేవాళ్లు. చట్టం అంత తేలిక కాదు, నవ్వుకి అంటున్నా.)

ఫిర్యాదు వచ్చాక తేల్చాల్సింది స్పీకరు. ఎన్నాళ్లలో తేల్చాలని షెడ్యూలులో లేదు. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో స్పీకరు తీర్పు మీద కోర్టుకి పోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జనవరిలో మణిపూర్ కేసులో మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది. చెప్పడమైతే చెప్పింది. ఈ ఖాళీలోనే పెన్నుకీ పెన్సిలుకీ మధ్య ఇంత దూరం పెరుగుతుంది.

ఇది 2019లో పుట్టిన జబ్బేం కాదు. అంతకుముందు సభ, 2014–19, చూడు. రాష్ట్రంలో టీడీపీ 102, వైసీపీ 67, బీజేపీ 4, ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు మన చీరాలలో నవోదయం పార్టీ మీద గెలిచిన ఆమంచి కృష్ణమోహన్. ఆ 67 మందిలో 23 మంది వరసగా టీడీపీలోకి పోయారు. గూడూరు నుంచి పాశిం సునీల్ కుమార్ పోయారు. ప్రకాశంలో ఇంకా విడ్డూరం. పెన్ను లెక్క వైసీపీ 6, టీడీపీ 5, నవోదయం 1. ఆ ఆరుగురిలో అద్దంకి గొట్టిపాటి రవికుమార్, యర్రగొండపాలెం పాలపర్తి డేవిడ్ రాజు, కందుకూరు పోతుల రామారావు, గిద్దలూరు ముత్తుముల అశోక్ రెడ్డి, నలుగురూ పచ్చ కండువా కప్పుకున్నారు. ఆమంచీ అటే చేరారు, 2019 ఎన్నికల ముందు మళ్లీ వైసీపీకి వచ్చారు. ఒక దశలో నా పుస్తకంలో పెన్సిలు లెక్క ప్రకారం ప్రకాశంలో 12కి 10 టీడీపీ. పెన్ను లెక్కలో అది 5 దాటలేదు. వాళ్ల మీద ఫిర్యాదులు ఆ ఐదేళ్లూ తేలలేదు. వేరే జిల్లాల్లో అట్టా వచ్చినవాళ్లలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. వైసీపీ 2017 చివర నుంచి సభకి రావడం మానేసింది. ఆఖరికి 2019లో టీడీపీకి వచ్చినవి సరిగ్గా 23. ఆ అంకె మీద మా టీ కొట్టులో ఎన్ని వేదాంతాలు నడిచాయో చెప్పనలవి కాదు.

అందుకే 2019లో గెలిచాక జగన్మోహన్ రెడ్డి సభలో ఒక మాట అన్నారు, మా పార్టీలోకి వచ్చేవాళ్లు రాజీనామా చేసి రావాలి అని. మాట అట్టాగే ఉంది, కండువా అబ్బాయికి పడింది. ప్రతిపక్ష హోదాకి సభలో పదో వంతు ఉండాలన్న ఆనవాయితీ ప్రకారం 175కి 18 మంది కావాలి. 23లో నలుగురు పోతే 19. ఇంకో ఇద్దరు పోయి ఉంటే పెన్సిలు లెక్కలో ప్రతిపక్ష నేత హోదా ఊగేది. పెన్ను లెక్కలో చంద్రబాబు నాయుడు గారి పక్కన 23 అనే ఉంది.

2022 ఫిబ్రవరి 21న ఆత్మకూరు ఎమ్మెల్యే, పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు గుండెపోటుతో పోయారు. నెల్లూరు 9, ఖాళీ 1. జూన్ 23న ఉప ఎన్నిక. టీడీపీ పోటీ పెట్టలేదు. ఆయన తమ్ముడు విక్రమ్ రెడ్డి బీజేపీ అభ్యర్థి మీద 82,888 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. మళ్లీ 10. ఈ నాలుగు నెలల మధ్యలో ఎవరైనా లెక్క రాసి ఉంటే 17–4 అని ఉంటుంది, అది కనిపిస్తే కంగారు పడకు.

ఇప్పుడు అసలు కథ. 2023 మార్చి 23, ఎమ్మెల్యే కోటాలో ఎమ్మెల్సీ ఎన్నికలు. గ్రూప్స్‌లో ఈ లెక్క అడగొచ్చు, జాగ్రత్తగా చూడు. ఆ రోజు పామూరు రోడ్డులో టీ కొట్టు దగ్గర బజ్జీల పొట్లం విప్పి, నూనె అంటని వైపు ఈ లెక్క వేసి చూపించా. చుట్టూ పదిమంది మూగారు.

ఖాళీలు 7. ఓటర్లు 175 మంది ఎమ్మెల్యేలు. ఇది ప్రాధాన్య ఓటు పద్ధతి, అభ్యర్థులకి 1, 2, 3 అని వరస ఇస్తారు. ఒక్కో ఓటుకి విలువ 100 అనుకుంటారు. మొత్తం 17,500. దాన్ని సీట్లకి ఒకటి కలిపి, అంటే 8తో భాగిస్తే 2187.5. భిన్నం వదిలేసి 1 కలుపుతారు, 2188. ఓట్లలో చెప్పాలంటే 22 మంది మొదటి ప్రాధాన్యం వేస్తే ఆ అభ్యర్థి గట్టెక్కినట్టే.

వైసీపీ ఏడుగురిని నిలబెట్టింది. ఏడుగురికి ఒక్కొక్కరికి 22 చొప్పున 154 కావాలి. వాళ్ల చేతిలో పెన్ను లెక్క 151. దానికి టీడీపీ నుంచి వచ్చిన నలుగురు, రాపాక గారు కలిస్తే 156. రెండు ఓట్లు జేబులో మిగులు. టీడీపీకి 23లో నలుగురు పోతే 19. ఒక అభ్యర్థికే మూడు తక్కువ. అయినా పంచుమర్తి అనురాధ గారిని నిలబెట్టారు. కొట్టులో ఉన్న ఒక పెద్దాయన "ఇదేందయ్యా, ఓడిపోడానికి నామినేషనా?" అన్నాడు.

పెద్దాయన లెక్క సరైందే, ఆయన చూడని రెండు పేజీలు ఉన్నాయి. ఆ ఏడాది మొదట్లోనే మన నెల్లూరులో ఇద్దరు బయటికి మాట్లాడేశారు. వెంకటగిరి ఎమ్మెల్యే ఆనం రామనారాయణ రెడ్డి ప్రభుత్వం తీరు మీద బాహాటంగా విమర్శలు చేశారు. పార్టీ అక్కడ నేదురుమల్లి రాంకుమార్ రెడ్డికి బాధ్యతలిచ్చింది. నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి తన ఫోను వింటున్నారని ఆరోపించి పార్టీకి దూరం జరిగారు. అక్కడ ఆదాల ప్రభాకర్ రెడ్డిని పెట్టారు. ఈ ఇద్దరినీ 156లోంచి తీసేస్తే సరిగ్గా 154. ఏడుగురికీ చాలినంతే. మిగులు సున్న. ఒక్కరు చేయి జారినా ఏడో సీటు ఊగుతుంది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిందని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం గదా, ఒక్క ఓటు అంటే ఏందో ఈ జిల్లాల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సాయంత్రం లెక్క వచ్చింది. అనురాధ గారికి 23. వైసీపీ అభ్యర్థుల్లో ఐదుగురికి 22 చొప్పున, ఇద్దరికి 21 చొప్పున. కూడి చూడు, 110కి 42 కలిపితే 152. దానికి 23 కలిపితే 175. ఒక్క ఓటు చెల్లకుండా పోలేదు. 21 వచ్చిన ఇద్దరిలో జయమంగళ వెంకటరమణ రెండో ప్రాధాన్యంతో గట్టెక్కారు, కోలా గురువులు ఓడారు. టీడీపీకి 19 ఉన్నచోట 23 ఎట్టా వచ్చాయి? నాలుగు అటునుంచి వచ్చాయి. ముందే దూరమైన ఇద్దరిని తీసేస్తే ఎవరూ ఊహించని ఓట్లు ఇంకో రెండు.

మరుసటి రోజు వైసీపీ తరఫున సజ్జల రామకృష్ణారెడ్డి ప్రకటించారు. క్రాస్ ఓటింగ్ చేశారని నలుగురి మీద సస్పెన్షన్. ఆనం, కోటంరెడ్డి, ఉదయగిరి ఎమ్మెల్యే మేకపాటి చంద్రశేఖర్ రెడ్డి, తాడికొండ ఎమ్మెల్యే ఉండవల్లి శ్రీదేవి. నలుగురిలో ముగ్గురు నెల్లూరు జిల్లా! పదికి పది అని నాలుగేళ్ల కిందట ఎగిరిన జిల్లా ఇది. ఎమ్మెల్సీ ఎన్నిక రహస్య బ్యాలెట్, రాజ్యసభ ఎన్నికలాగా పార్టీ ఏజెంటుకి చూపించి వేసేది కాదు. కాబట్టి ఎవరి ఓటు ఎవరికి పడిందో కాగితం మీద రుజువు లేదు. పార్టీ తన లోపలి లెక్క ప్రకారం తేల్చానంది, ఆ మాట ఒప్పుకోనివాళ్లూ ఆ నలుగురిలో ఉన్నారు. నేను పుస్తకంలో 'సస్పెన్షన్' అని మాత్రమే రాశా, 'క్రాస్ ఓటు' అని రాయలేదు. సబ్ ఎడిటరు గొంతు అప్పటికి చెవిలో పాతుకుపోయింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పార్టీ సస్పెండ్ చేస్తే ఆ ఎమ్మెల్యే 'స్వతంత్రుడు' అయిపోడు. సభ లెక్కలో అతను గెలిచిన పార్టీ మనిషే. బహిష్కరించినా అంతే, 1996లో తమిళనాడు నుంచి వెళ్లిన విశ్వనాథన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. ఇంకో ముక్క. ఇట్లాంటి ఎన్నికలో వేరే అభ్యర్థికి ఓటేయడం సభలో విప్ ధిక్కరించడం కిందికి రాదు. 2006 కులదీప్ నయ్యర్ కేసులో రాజ్యసభ ఎన్నిక గురించి కోర్టు చెప్పింది కూడా అదే. కాబట్టి ఆ ఓటు పేరు చెప్పి పదవి తీసేయడం కుదరదు, 'తనంతట తాను పార్టీ వదిలేశాడు' అని వేరే పనులు చూపించాలి. 2023 మార్చి 24 నాడు పెన్ను లెక్క నెల్లూరు 10. పెన్సిలు లెక్క 7, పక్కన 3.

ఆ ముగ్గురి పేజీల మీద పెన్ను మళ్లీ పడింది 2024 ఫిబ్రవరి ఆఖరులో. స్పీకరు ఒకేసారి 8 మంది మీద అనర్హత వేటు వేశారు. వైసీపీ ఫిర్యాదు మీద ఆనం, కోటంరెడ్డి, మేకపాటి, శ్రీదేవి. టీడీపీ ఫిర్యాదు మీద బలరాం, వంశీ, గిరి, గణేశ్. తూకం వేసినట్టు అటు నాలుగు, ఇటు నాలుగు. ఎనిమిదిలో సగం మన 22 సీట్ల వాళ్లే. నా అభిప్రాయం అడిగితే తీర్పు కన్నా తేదీ ఎక్కువ మాట్లాడింది. సభ ఆఖరి సమావేశాలు ఫిబ్రవరి 8నే అయిపోయాయి. బలరాం గారి మీద ఫిర్యాదు సంగతి దాదాపు సభ గడువంతా నానింది. ఓటాన్ అకౌంటు (ఎన్నికల ముందు పెట్టే తాత్కాలిక బడ్జెట్) పెట్టేశాక, ఇక కూర్చోడానికి సభే లేనప్పుడు, నువ్వు ఇక్కడ కూర్చోకూడదు అన్నారు. ఏడాదిలోపే గడువు ఉంది కాబట్టి ఉప ఎన్నికలూ రావు.

ఈ ఉత్తర్వులతో నెల్లూరు వైసీపీ 7, ఖాళీ 3. ప్రకాశం వైసీపీ 8, టీడీపీ 3, ఖాళీ 1. కలిపితే 15–3, ఖాళీలు 4. నీ మూడో అంకె ఇదీ. ఈసారి ఇది పెన్ను లెక్క. రాష్ట్రం మొత్తం మీద అయితే 151లో నలుగురు పోగా 147. టీడీపీలో ఈ నలుగురితోపాటు, విశాఖ ఉక్కు కోసం 2021లో ఇచ్చిన గంటా శ్రీనివాసరావు గారి రాజీనామా 2024 జనవరిలో ఆమోదం పొందింది కాబట్టి 18. మూడేళ్లు ఆగిన రాజీనామా అది, దాని గురించి రాయాలంటే ఇంకో పుట కావాలి.

2024 ఫలితం నువ్వు అడగలేదు గానీ ఒక ముక్క చెప్పి వదిలేస్తా. పాత హద్దుతో మన 22లో టీడీపీ 20, వైసీపీ 2. ఆ రెండూ యర్రగొండపాలెం, దర్శి. అనర్హత పడిన ఆనం గారు ఈసారి ఆత్మకూరులో విక్రమ్ రెడ్డి మీద టీడీపీ తరఫున గెలిచారు, కోటంరెడ్డి గారు రూరల్‌లోనే టీడీపీ తరఫున గెలిచారు. అంటే ఆ ఇద్దరి పేర్లూ నా పుస్తకంలో వరసగా రెండు సభల్లో పెన్నుతోనే ఉన్నాయి, పక్కన పార్టీ పేరు వేరు. 'పార్టీల వారీ బలం' అని పట్టిక గీసేటప్పుడు మనిషి పేరు వదిలేసి పార్టీ గడి ఒక్కటే ఉంచితే ఇదంతా కనపడకుండా పోతుంది. అందుకే నీ నోట్సులో నాలుగు గడులు పెట్టుకో: పేరు, గెలిచిన పార్టీ, మార్పు, ఆ మార్పుకి కాగితం ఉందా లేదా. నాలుగోది ఖాళీగా ఉంటే మూడోది పెన్సిలుతోనే ఉండనీ. గెలిచిన పార్టీ ఎక్కడ చూడాలంటే ఎన్నికల సంఘం ఫలితాల్లో చూడు, బూత్ వారీ ఓట్లు కావాలంటే ఫారం 20లో ఉంటాయి. మధ్యలో మార్పులకి శాసనసభ బులెటిన్, గెజిట్. పత్రిక క్లిప్పింగు మీద ఆధారపడకు, అవి రాసింది నాలాంటి వాళ్లే.

ఇంకొకటి, నువ్వు పెట్టిన పట్టికలో వెంకటగిరిని మొత్తంగా తిరుపతి జిల్లాలో వేశావు. నియోజకవర్గం అంతా పోలేదు. 2022 విభజనలో రాపూరు, కలువాయి, సైదాపురం మండలాలు నెల్లూరు జిల్లాలోనే ఉంచారు. ఆ గడి దిద్దుకో.